సీసపు తూటా దొరికితే మొన కాదు, ముందు అడుగుభాగం చూడండి

నమస్తే అండి. మీ ప్రశ్న చదివాను, ఫోటోలు, కొలతలు కూడా చూశాను. తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని యాష్‌బర్న్‌లో ఉంటున్నారు. అబ్బాయి పుట్టినరోజుకి మెటల్ డిటెక్టర్ కొన్నారు. స్టాఫర్డ్ కౌంటీలో మీ స్నేహితుడికి ఉన్న ఐదెకరాల స్థలంలో ఒక శనివారమంతా తిప్పితే నాలుగు వస్తువులు దొరికాయి: మొనదేరిన సీసపు తూటాలు రెండు, ఒకవైపు నొక్కుకుపోయిన సీసపు గుండు ఒకటి, తూటా బిగించే ఇత్తడి గొట్టం ఒకటి. ఇవి అమెరికా సివిల్ వార్ (1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం) కాలానివేనా, పేలే ప్రమాదం ఉందా, వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేయొచ్చా, సంక్రాంతికి గుంటూరు వెళ్ళేటప్పుడు నాన్నగారికి చూపించడానికి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

నేను ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఉంటాను. పదహారేళ్ళుగా సెలవు దొరికితే చాలు, అనుమతి ఉన్న పొలాల్లో డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటాను. మీ నాలుగింట్లో మూడు దాదాపు ఖాయంగా సివిల్ వార్ నాటివి. నాలుగోది కాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను, కానీ ముందు వెనిగర్ సంగతి.

దయచేసి ఆ పని చేయకండి. నాకు దొరికిన మొట్టమొదటి తూటాని ఎవరో చెప్పారని ఒక రాత్రంతా వెనిగర్‌లో ఉంచాను. పొద్దున్నకి ఆ తెల్లటి పొర అంతా పోయి, గుంటలు పడిన బూడిదరంగు సీసం మిగిలింది. నానబెట్టక ముందు తీసిన ఫోటోని తర్వాత పెద్దది చేసి చూస్తే, తూటా పక్కన ఏటవాలుగా మూడు సన్నటి చారలు కనిపించాయి. అవి తుపాకీ గొట్టంలోని మెలి గాడుల అచ్చు. అది పేల్చిన తూటా అని చెప్పే ఏకైక సాక్ష్యం. దాన్ని నా చేతులతోనే కరిగించేశాను. ఇప్పటికీ ఆ తూటా చూస్తే బాధ కలుగుతుంది.

విభూతి పూసినట్టు ఉండే ఆ తెలుపు మురికి కాదు. సీసం నూట అరవై ఏళ్ళు మట్టిలో ఉంటే పైన లెడ్ కార్బొనేట్ పొర కడుతుంది. లోపలి సీసాన్ని కాపాడేది ఆ పొరే. వెనిగర్‌లోని ఎసిటిక్ యాసిడ్ దాన్ని తినేస్తుంది. మామూలు నీళ్ళు, మెత్తటి పళ్ళ బ్రష్ చాలు. మట్టి వదిలాక ఆపేయండి. ఇంకో మాట. ఓక్ చెక్క పెట్టెలో దాచకండి. ఓక్ చెక్క నుంచి కూడా సన్నగా అలాంటి ఆమ్లాల ఆవిరి వస్తుంది, కొన్నేళ్ళకి తూటాలు సుద్దపొడి రాలుస్తాయి. చిన్న జిప్ కవర్లు మేలు. ఆ తెల్లపొడి విషం కూడా, కాబట్టి ముట్టుకున్నాక అబ్బాయి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అవి డైనింగ్ టేబుల్ మీద ఉండకూడదు.

ఇక గుర్తుపట్టడం. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళందరూ తూటా మొన వైపు చూస్తారు, ఫోటో కూడా అటువైపే తీస్తారు. మొనలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తూటా జాతకం అడుగున ఉంటుంది. అడుగు గట్టిగా ఉందా, బోలుగా ఉందా? బోలు శంకువులా కోసుగా ఉందా, గుండ్రంగా ఉందా? పక్కన గాడులు ఎన్ని? పోత పోసిన గీత (అచ్చు రెండు సగాలు కలిసిన అతుకు) కనిపిస్తోందా? వీటి తర్వాతే వ్యాసం, బరువు. మీరు డిజిటల్ కాలిపర్‌తో కొలిచి, బంగారం తూచే చిన్న తూకంలో బరువు కూడా చూశారు. అందువల్లే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

మీ మొదటి తూటా తీసుకుందాం. వ్యాసం 14.6 మిల్లీమీటర్లు, పొడవు 26, బరువు 32 గ్రాములు. పక్కన మూడు గాడులు, అడుగున కోసుగా బోలు. ఇక్కడివాళ్ళు దీన్ని ‘త్రీ రింగర్’ అంటారు. అసలు పేరు మినీయే తూటా. ఫ్రాన్స్ సైన్యంలో పనిచేసిన క్లోడ్ ఎతియెన్ మినీయే పేరు మీద వచ్చింది. ఆయన తూటా అడుగున చిన్న ఇనప గిన్నె ఉండేది. ఆ గిన్నె అవసరం లేకుండా, బోలు ఆకారం మార్చితే సరిపోతుందని తేల్చినవాడు హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో పనిచేసిన జేమ్స్ బర్టన్. 1855లో అమెరికా సైన్యం ఆ రూపాన్నే తీసుకుంది. హార్పర్స్ ఫెర్రీ మీ ఇంటి నుంచి కారులో గంటలోపే. అబ్బాయిని ఒకసారి తీసుకెళ్ళండి.

ఆ బోలు ఎందుకో అబ్బాయికి ఇలా చెప్పండి. అప్పటి తుపాకీలో మందు, తూటా రెండూ గొట్టం మూతి నుంచే వేసి, పొడుగాటి ఇనప కడ్డీతో లోపలికి దిగ్గొట్టాలి. గొట్టం లోపల మెలి గాడులు ఉంటే తూటా గిరగిరా తిరుగుతూ సూటిగా, దూరంగా పోతుంది. కానీ గాడులని పట్టుకునేంత బిగుతైన తూటాని మూతి నుంచి దింపడం నరకం. నాలుగు సార్లు పేల్చాక మసి పేరుకుని ఇంకా కష్టం. ఉత్తరాది సైనికులు ఎక్కువగా వాడిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం 0.58 అంగుళాలు, అంటే 14.7 మిల్లీమీటర్లు. మీ తూటా 14.6. వెంట్రుకవాసి చిన్నది కాబట్టి సులువుగా దిగుతుంది. మందు అంటుకోగానే ఆ వాయువు బోలులోకి తన్ని, మెత్తటి సీసపు అంచులని బయటికి విప్పుతుంది. అప్పుడు అంచులు గాడులని పట్టుకుంటాయి. ఆ యుద్ధంలో కోట్ల కొద్దీ తయారైన తూటా ఇది.

ఇప్పుడు దాని పక్కలు భూతద్దంతో చూడండి. మీ ఫోటోలో మెలి గాడుల అచ్చు లేదు, మొన చెక్కుచెదరలేదు, అడుగు అంచు విప్పారలేదు. అంటే అది ఎప్పుడూ పేలలేదు. ఎవరో సైనికుడి చేతిలోంచో జేబులోంచో జారిపడింది, లేదా మందుతో కలిపి చుట్టిన కాగితం తడిసి పనికిరాక పారేశాడు. మీ స్నేహితుడి స్థలం ఉన్న చోటుకి ఇది సరిగ్గా సరిపోతుంది. 1862 డిసెంబరులో రప్పహానాక్ నది అవతల ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో దారుణంగా ఓడిపోయాక, ఉత్తరాది వాళ్ళ ఆర్మీ ఆఫ్ ది పొటోమాక్ నది దాటి వెనక్కొచ్చి స్టాఫర్డ్ కౌంటీలోనే చలికాలం గడిపింది. లక్షమందికి పైగా సైనికులు, 1863 ఏప్రిల్ చివరిదాకా. అడవులు నరికి, దుంగలతో చిన్న గుడిసెలు కట్టుకుని బురదలో బతికారు. యుద్ధానికి బయల్దేరేటప్పుడు మనిషికి మామూలుగా 60 తూటాలు ఇచ్చేవాళ్ళు. నడుముకి వేలాడే తోలు పెట్టెలో 40 పట్టేవి, మిగతావి జేబుల్లో. ఎన్ని రాలిపడి ఉంటాయో ఊహించుకోండి. అందుకే స్టాఫర్డ్ మట్టిలో పేలని తూటాలు ఎక్కువ, యుద్ధం జరిగిన నేలలో నలిగిన తూటాలు ఎక్కువ.

రెండోది చూడగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. గాడులు అసలు లేవు, పక్కలు నున్నగా ఉన్నాయి, అడుగు బోలు, వ్యాసం 14.3. ఇది ఎన్‌ఫీల్డ్ తూటా. ఇంగ్లండ్‌లో 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం తయారైన రకం. అడుగు బోలులో చిన్న చెక్క బిరడా ఉండేది, అది మట్టిలో ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటుంది. మనం బడిలో సాంఘికశాస్త్రంలో చదువుకున్న కొవ్వు రాసిన తూటా గుర్తుందా? 1857లో సిపాయిలు పళ్ళతో చింపడానికి నిరాకరించింది ఈ రైఫిల్ తూటానే. మందు, తూటా కలిపి చుట్టిన కాగితం పొట్లం అది. చివర చింపి, మందు గొట్టంలో పోసి, తూటా దింపాలి. కాగితానికి రాసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ మాట పాకింది. నాలుగేళ్ళ తర్వాత అదే రైఫిల్‌ని అమెరికాలో రెండు పక్షాలూ లక్షల సంఖ్యలో ఇంగ్లండ్ నుంచి కొనుక్కున్నాయి. మీ అబ్బాయి చేతిలో ఉన్నది మీరట్ తిరుగుబాటుకి వరసకి చుట్టం. నాన్నగారికి చెప్పాల్సిన విషయం ఇదీ.

ఎన్‌ఫీల్డ్ అనగానే దక్షిణాది సైనికుడిది అని చాలామంది రాసేస్తారు. ఉత్తరాది దళాలు కూడా అంతే విరివిగా వాడాయి కాబట్టి, స్టాఫర్డ్ శిబిరాల్లో దొరికిన ఒక్క తూటాతో పక్షం తేల్చకూడదు. దక్షిణాదిది అని తూటా చూసి చెప్పగలిగేది గార్డ్‌నర్ రకం. దానికి అడుగు దగ్గర రెండు ఉబ్బు వలయాలు ఉంటాయి, కాగితాన్ని సీసంలోకే నొక్కి బిగించేవాళ్ళు. అలాగే అడుగున బోలు బదులు చిన్న కాడ, దానికి జింక్ బిళ్ళ ఉంటే అది ఉత్తరాది విలియమ్స్ తూటా. గొట్టంలో మసి గీకడానికని చేసింది. పొట్టిగా, గట్టి అడుగుతో, తోక దగ్గర చిన్న వలయంతో 13, 14 మిల్లీమీటర్ల తూటా దొరికితే షార్ప్స్ కార్బైన్ అనే పొట్టి తుపాకీది. అది ఆశ్వికదళం ఆయుధం. మీ ఇంటికి దగ్గర్లోని ఆల్డీ, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్ దారిలో 1863 జూన్‌లో గుర్రపు దళాలు కొట్టుకున్నాయి కాబట్టి అటువైపు అవి దొరుకుతుంటాయి.

రెండో తూటా మొన దగ్గర గాట్లు ఉన్నాయని, ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పికి సైనికుడు కొరికి ఉంటాడని అబ్బాయి అన్నాడని రాశారు. ఈ కథ ఇక్కడ ప్రతి సంతలోనూ వినిపిస్తుంది. కానీ ఆ యుద్ధంలో ఆపరేషన్లు చాలా వరకు క్లోరోఫాం, ఈథర్ ఇచ్చే చేశారు. మీ ఫోటోలో గాట్లు లోతుగా, అడ్డదిడ్డంగా, చుట్టూ ఉన్నాయి. ఇవి మట్టిని ముట్టెతో తవ్వి తిండి వెతికే పందుల పళ్ళ గుర్తులు. గాట్ల మీద కూడా అదే తెల్లపొర ఉంది చూడండి, అంటే అవి పాతవే, మీ పార తగిలినవి కావు. పార తగిలితే లోపల సీసం వెండిలా మెరుస్తుంది. ఒకవేళ ఎప్పుడైనా మొన మధ్యలో స్క్రూ దిగినట్టు చిల్లు కనిపిస్తే అది మాత్రం మనిషి పనే. పేలని తూటాని బయటికి లాగడానికి కడ్డీ చివర మరలాంటిది బిగించి తిప్పేవాళ్ళు.

మూడోది, నొక్కుకుపోయిన గుండు. దీని వ్యాసం ఎలా కొలవాలో తెలియక ఆగిపోయాను అన్నారు. కాలిపర్ పక్కన పెట్టండి, తూకం చాలు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు. గుండు ఎంత నలిగినా ముక్క విరగనంతవరకు బరువు మారదు. బరువుకి ఘనమూలం కట్టి 5.5తో గుణిస్తే నలగకముందు వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. మీ గుండు 26.8 గ్రాములు, 27 అనుకోండి. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవయ్యేడు. ఘనమూలం 3. మూడుని 5.5తో గుణిస్తే 16.5 మిల్లీమీటర్లు, అంటే 0.65 అంగుళాలు. 0.69 అంగుళాల నున్నటి గొట్టం మస్కెట్‌కి (లోపల మెలి గాడులు లేని పాతరకం తుపాకీ) వేసే గుండు సరిగ్గా ఇంతే. ఈ లెక్క అబ్బాయి చేతే చేయించండి, ఘనమూలం అతనికి ఇక మరుపు రాదు.

ఆ మస్కెట్లలో తరచుగా ఒక పెద్ద గుండుతో పాటు మూడు చిన్న గుళ్ళు కలిపి పొట్లం కట్టేవాళ్ళు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో మేరీస్ హైట్స్ అనే గుట్ట కిందకి నడిచిన ఉత్తరాది దళం ఐరిష్ బ్రిగేడ్ ఇలాంటివే వాడింది, వాళ్ళ శిబిరం కూడా ఆ చలికాలం స్టాఫర్డ్ వైపే. గుండు దొరికిన చోట చుట్టూ రెండడుగుల మేర మెల్లగా మళ్ళీ తిప్పండి, బఠాణీ గింజంత చిన్న గుళ్ళు కూడా దొరకొచ్చు. నున్నటి గుండు ఒంటరిగా దొరికితే 1700ల నాటి వేటగాడిదీ కావచ్చు. మీకు అదే స్థలంలో మినీయే, ఎన్‌ఫీల్డ్ కూడా వచ్చాయి కాబట్టి శిబిరం కాలానిదే అంటున్నాను. నలిగింది కాబట్టి పేల్చినదే. కాపలా ముగించుకుని వచ్చిన సైనికులు తుపాకీలో ఉన్న గుండుని శిబిరం పక్క మట్టిగట్టులోకి పేల్చి ఖాళీ చేసేవాళ్ళు. ఆ స్థలంలో వాగు గట్టు ఏదైనా ఉంటే అక్కడ ఇంకొన్ని ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగోది, ఇత్తడి గొట్టం. దాని మీద స్ప్రింగ్‌ఫీల్డ్ అని ఉంది కాబట్టి ఇదే అసలైన సివిల్ వార్ వస్తువు అని మీరు సంబరపడ్డారు. అడుగున చెక్కిన అక్షరాలు మళ్ళీ చూడండి: ఆర్-పి, 30-06, ఎస్‌పిఆర్‌జి. ఆర్-పి అంటే రెమింగ్టన్-పీటర్స్ కంపెనీ. ఎస్‌పిఆర్‌జి అంటే స్ప్రింగ్‌ఫీల్డ్. 06 అంటే 1906, ఆ తూటా పుట్టిన సంవత్సరం. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం పేరు రెండు కాలాల తుపాకులకీ ఉంది, గందరగోళం అక్కడే. ఇది జింకలని వేటాడే ఎవరో వదిలేసిన ఖాళీ గొట్టం. అలాగే సీసం మీద రాగి తొడుగు ఉన్న తూటా ఎప్పుడు దొరికినా 1880ల తర్వాతదే.

నకిలీల గురించి కూడా కాస్త జాగ్రత్త. పాత తుపాకులతో పోటీలు పెట్టుకునే క్లబ్బులు వర్జీనియాలో ఉన్నాయి, వాళ్ళు ఇప్పటికీ మినీయే తూటాలు పోత పోస్తారు. వాటికి పక్కన పోత గీత స్పష్టంగా ఉంటుంది, తెల్లపొర ఉండదు, గాడుల అంచులు కొత్త బ్లేడులా ఉంటాయి. మీ త్రీ రింగర్‌కి పోత గీత లేదు, యంత్రంలో నొక్కి చేసినది, ఉత్తరాది ఆయుధాగారాల పద్ధతి. డబ్బు కోసం అడగలేదు గానీ చెప్తున్నాను, ఇవి ఇంత ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి మామూలు త్రీ రింగర్ ఐదు డాలర్లకి అటూ ఇటుగా పోతుంది. దొరికిన చోటు రాసిపెట్టి ఉన్న తూటాకే నా దృష్టిలో విలువ. ఫోన్‌లో జీపీఎస్ పాయింట్, లోతు, తేదీ, పక్కన ఏం దొరికింది, ఇవి ఆరోజే రాసి కవర్‌లో చీటీ పెట్టండి. మర్నాటికి మర్చిపోతాం. రాయని పాత తూటాలు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి, అవి ఏ పొలానివో ఇప్పుడు చెప్పలేను.

పేలతాయా అన్నారు. వట్టి సీసంలో మందు ఉండదు, పేలదు. కానీ తూటా ఇంకా రాగి లేదా ఇత్తడి గొట్టంలో బిగించి ఉంటే దాన్ని కొట్టకండి, వేడి చేయకండి, కోయకండి. అంతకంటే ముఖ్యం, నారింజపండు కంటే పెద్దగా, బరువుగా, తుప్పు పట్టిన ఇనప గుండు కనిపిస్తే చేయి పెట్టొద్దు. అబ్బాయిని దూరం తీసుకెళ్ళి పోలీసులకి ఫోన్ చేయండి. ఫిరంగి గుండ్లలో కొన్ని లోపల మందు నింపినవి. 2008లో వర్జీనియాలోనే చెస్టర్‌లో, ఏళ్ళ తరబడి ఇలాంటివి సేకరించిన ఒకాయన అలాంటి గుండు శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయారు. నూట నలభై ఏళ్ళు దాటినా ఆ మందు చావలేదు.

చట్టం సంగతి. స్నేహితుడు సరే అన్నా, ఒక కాగితం మీద అనుమతి రాయించుకోండి. ఫ్రెడరిక్స్‌బర్గ్, చాన్సలర్స్‌విల్, విల్డర్‌నెస్, స్పాట్సిల్వేనియా యుద్ధభూములు నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉన్నాయి. అక్కడ తవ్వడమే కాదు, వాడటానికి సిద్ధంగా ఉన్న డిటెక్టర్ చేతిలో ఉండటమే నేరం. కారులో ఉంటే విప్పి ప్యాక్ చేసి ఉండాలి. పార్కు హద్దుకి ప్రతిచోటా కంచె ఉండదు, మ్యాప్ చూసుకోండి. 1979లో వచ్చిన పురావస్తు సంపద రక్షణ చట్టం కింద జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. అది చట్టానికి భయపడి పాటించే విషయం మాత్రమే అనుకోకండి. ఆ నేలలో చనిపోయిన సైనికులు ఇంకా ఉన్నారు, ఎవరూ బయటికి తీయని శవాలుగా.

ఇక గుంటూరు ప్రయాణం. తీసుకెళ్ళకండి అనే నా సలహా. ఎక్స్‌రేలో తూటా ఆకారం కనిపిస్తే అది 1863దా నిన్నటిదా అని మెషిన్ చెప్పదు. హైదరాబాద్ విమానాశ్రయంలో దిగాక లగేజీలో తూటా కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం గురించి అధికారులతో మాట్లాడుతూ కూర్చోవాలి. పిల్లాడితో, జెట్‌లాగ్‌తో ఆ టెన్షన్ ఎందుకు? డిటెక్టర్ కూడా ఇక్కడే వదిలేయండి. కొండవీడు చూడటానికి వెళ్తే కళ్ళతోనే చూడండి. మన దగ్గర రక్షిత కట్టడాల దగ్గర తవ్వకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి.

నాన్నగారి కోసం ఇలా చేయండి. తెల్ల కాగితం మీద ఎన్‌ఫీల్డ్ తూటాని పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి, కిటికీ దగ్గర ఏటవాలు ఎండలో మూడు ఫోటోలు తీయండి: పక్క నుంచి, మొన నుంచి, అడుగు నుంచి. ఆ అడుగు ఫోటో నాకూ పెట్టండి. ఇంగ్లండ్‌లో చేసిన వాటిలో కొన్నింటికి బోలు లోపల అంకె అచ్చు ఉంటుంది, మీరు పెట్టిన ఫోటోలో అక్కడ ఇంకా మట్టి ఉంది. టూత్‌పిక్‌ని ఒక గంట నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక, గోడలకి తగలకుండా మధ్యలోంచి మట్టిని కొద్దికొద్దిగా తీయండి. అంకె కనిపిస్తే చెప్పండి.